ఆనకట్ట కింది చేప: తెలుగు నదుల్లో సర్కారు మత్స్యశాస్త్రం పుట్టుపూర్వోత్తరాలు

నదులు, చెరువులు, ఉప్పుటేర్లు అన్నీ ప్రభుత్వపు లెక్కల్లో ఉన్న నీళ్లే అయినా, ఆ నీళ్లలో బతికే చేపల జీవితాన్ని తెలుసుకోవడం కూడా ప్రభుత్వం చేయవలసిన పనే అన్న ఆలోచన దక్షిణ భారతంలో 19వ శతాబ్దపు రెండో సగం వరకు రూపు కట్టలేదు. రెవెన్యూ కచేరీకి చేప అంటే చెరువు పాట, ఏటి వేలం, వసూలు కావలసిన నాలుగు రూపాయల శిస్తు మాత్రమే. ఏ చేప ఏ కార్తెలో ఏటికి ఎదురెక్కుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు ఏ మడుగులో పెరుగుతాయి అన్న సంగతులు వల వేసేవాడికి తరతరాలుగా తెలిసినా, ఆ తెలివిడి కాగితం మీదికి ఎక్కలేదు, ఎక్కించాలని అడిగినవారూ లేరు. దాన్ని సేకరించి, పరీక్షించి, జలచరాలనూ వాటి ఆవాసాలనూ కాపాడే మార్గం చెప్పడానికి జీతమిచ్చి ఒక జీవశాస్త్రవేత్తను నియమించడం అన్నది ఆనకట్టల వెంట వచ్చిన ఏర్పాటు. తెలుగు నదుల విషయంలో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. నీటిని మళ్లించే ఇంజనీరు ముందు వచ్చాడు, చేపను లెక్కపెట్టే అధికారి ఆయన వెనక వచ్చాడు, ఆ వరుస ఇప్పటికీ మారలేదు.

అయితే ఈ కథకు ఆనకట్టల కంటే ముందటి అధ్యాయం ఒకటి ఉంది, అది విశాఖపట్నం రేవులో జరిగింది. ఎడింబరోలో వైద్యం చదివి, అలెప్పో నగరంలో చాలాకాలం పనిచేసిన పాట్రిక్ రస్సెల్ తన సోదరుడితో కలిసి 1781లో విశాఖపట్నం చేరి, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు. ఆయన పేరు ఎక్కువగా పాముల మీద చేసిన పరిశోధనతో ముడిపడినా, విశాఖ తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలతో, చిత్రాలతో 1803లో లండన్‌లో అచ్చయిన రెండు సంపుటాల గ్రంథం మత్స్యశాస్త్రానికి అంతకు తక్కువ కానిది. ఆ గ్రంథంలో చేపల పేర్లు చాలావరకు తెలుగు పేర్లే. రస్సెల్ చేపలకు కొత్తగా లాటిన్ పేర్లు పెట్టడానికి ప్రయత్నించకుండా, రేవులో జాలరులు పలికిన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బొమ్మ కింద అచ్చు వేయించాడు. ముట్టుకుంటే విద్యుత్తు ప్రసరించి చెయ్యి తిమ్మిరెక్కించే టేకు జాతి చేపకు అక్కడ ఉన్న పేరు 'తిమిరి'. దానిలోనే నల్లటి రకానికి 'నల్ల తిమిరి'. సొరచేపల పేర్లలో 'సొర' అన్న మాట అలాగే ఉండిపోయింది. 'పలసా' అన్న పేరుతో ఉన్న చేప నేటి తెలుగువారు పులస అని పిలుచుకునే చేపే.

ఈ చివరి పేరు విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది, అది చెప్పుకోదగినది. జీవులకు శాస్త్రీయ నామం రెండు మాటల్లో, అంటే ప్రజాతి పేరు, జాతి పేరు కలిపి పెట్టాలనీ, అలా ముందుగా అచ్చయిన పేరే చెల్లుతుందనీ శాస్త్రజ్ఞుల మధ్య ఒక కట్టుబాటు ఉంది. రస్సెల్ పుస్తకం 1803 నాటిదే అయినా అందులోని పేర్లు ఆ పద్ధతిలో పెట్టినవి కావు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపల గురించి 1822లో ప్రచురించిన గ్రంథంలో బెంగాలీల మాటను తీసుకుని ఆ చేపకు 'ఇలిషా' అని పేరు పెట్టాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1829లో రస్సెల్ బొమ్మను ఆధారం చేసుకుని 'క్లూపియా పలసా' అని పేరు పెట్టినా, ఏడేళ్లు ఆలస్యమైనందువల్ల ఆ తెలుగు పేరు పర్యాయపదాల జాబితాలో మిగిలిపోయింది. నేడు ఆ చేప శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా. విశాఖ జాలరి నోటి మాట శాస్త్రగ్రంథంలో ముందుగా అచ్చయినా చెల్లుబాటు కాకపోవడం బాధ కలిగించే విషయమే గాని, సర్కారు మత్స్యశాస్త్రానికి మొదటి పాఠం చెప్పినవారు జాలరులేనన్న దానికి ఆ పుస్తకమే సాక్ష్యం.

పులస బతుకు తీరు తెలిస్తేగాని తరువాతి చరిత్ర అర్థం కాదు. అది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మాత్రం మంచినీటి నదిలోకి వచ్చే చేప. శాస్త్రజ్ఞులు ఇలాంటి వాటిని ఎదురేగే వలస చేపలని ఒక తెగగా లెక్కిస్తారు. కడలిలో ఉన్నంతకాలం ఇలస, విలస వంటి పేర్లతో పిలిచే ఈ చేప, ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీరు తగిలినప్పుడు గుంపులుగా నదీముఖంలో ప్రవేశించి, వరదకు ఎదురీదుతూ పైకి పోతుంది. ఆ ప్రయాణంలో శరీరంలోని ఉప్పు వదిలి, కొవ్వు కండలోకి చేరి, రుచి మారుతుందని గోదావరి జిల్లాలవారి నమ్మకం. గుడ్లు నీటి ప్రవాహంలో పొదిగి, పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, ఆ తరువాత ప్రవాహం వెంట సముద్రానికి దిగుతాయి. అంటే ఈ చేపకు నది పైకి ఒక దారి, కిందికి ఒక దారి కావాలి. రెండింటిలో ఏది మూసుకుపోయినా ఆ తరం అక్కడితో ఆగిపోతుంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరిపై 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట సరిగ్గా ఆ దారికి అడ్డంగా నిలిచింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, లంకలను కలుపుకుంటూ కట్టిన ఆ రాతికట్టడం కరవు కాటకాలతో చితికిపోయిన జిల్లాను అన్నపూర్ణగా మార్చింది. కృష్ణపై బెజవాడ దగ్గర 1855 నాటికి రెండో ఆనకట్ట సిద్ధమైంది. ఈ నిర్మాణాల మేలును తక్కువ చేసి చెప్పడం ఎవరి వల్లా కాదు. కాని చేపల వైపునుంచి చూస్తే నష్టం మూడు రకాలుగా జరిగింది. పైకి పోయే చేపకు గోడ అడ్డు తగిలింది. అలా ఆగిపోయిన చేపలు ఆనకట్ట దిగువ రాతి పరుపు కింద గుంపులు కట్టి తిరుగుతుంటే వాటిని వలవేసి పట్టుకోవడం సులువై, గుడ్లు పెట్టకముందే తల్లిచేపలు బుట్టల్లోకి చేరాయి. మూడో నష్టం కంటికి అంతగా ఆననిది: ఎగువన పుట్టిన చేపపిల్లలు తలతూముల గుండా కాలువల్లోకి కొట్టుకుపోయి, వేసవిలో మరమ్మతులకోసం కాలువలు కట్టివేసినప్పుడు పంట బోదెల్లో, గుంటల్లో చిక్కుకుని ఎండిపోయేవి.

ఈ నష్టాన్ని ప్రభుత్వం దృష్టికి తెచ్చినవారిలో ముఖ్యుడు గోదావరి ఆనకట్టను కట్టించిన మనిషే కావడం ఈ చరిత్రలో అన్నిటికంటే గౌరవించదగిన విషయం. ఉద్యోగం విరమించి ఇంగ్లండులో స్థిరపడిన సర్ ఆర్థర్ కాటన్, మద్రాసు నదులపై కట్టిన ఆనకట్టలు చేపల సంతతికి హాని చేస్తున్నాయేమో విచారించాలని 1867లో భారత వ్యవహారాల మంత్రికి నివేదించాడు. తన జీవితకాలపు కృషిలో ఒక లోపాన్ని తానే ఎత్తిచూపడానికి వెనకాడని ఇంజనీర్లు చరిత్రలో ఎక్కువమంది కనబడరు. కాటన్‌ను గోదావరి జిల్లాలు ఇన్ని విగ్రహాలతో స్మరించుకుంటున్నా, ఆయన చేపల గురించి రాసిన ఆ నివేదిక సంగతి తలుచుకునేవారు అరుదు. ఆయన కీర్తిలో దానికీ చోటుండాలి.

ఆ విచారణ పని మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డేకు అప్పగించారు. 1829లో పుట్టిన డే, కొచ్చిన్‌లో ఉండగా సేకరించిన చేపల ఆధారంగా 1865లోనే మలబారు చేపలపై ఒక గ్రంథం వెలువరించాడు. మద్రాసు నదుల ఆనకట్టలను పరిశీలించిన తరువాత ఆయన విచారణ ఒరిస్సా, బెంగాల్, బర్మా వరకు విస్తరించింది. 1871లో భారతదేశపు మత్స్యశాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్ అన్న పదవి ఆయనకోసం ఏర్పడి, 1877లో ఆయన దిగిపోయే వరకు నడిచింది. మంచినీటి చేపలపై ఆయన నివేదిక 1873లో అచ్చయింది. 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' మహాగ్రంథం 1875, 1878 మధ్య భాగాలుగా వెలువడింది. ఇప్పటికీ దక్షిణ భారతంలో చేపను గుర్తించవలసి వచ్చిన పరిశోధకుడు డే చిత్రాలను తిరగేయక తప్పదు. ప్రతి చేప దగ్గరా తమిళం, తెలుగు, ఒరియా, హిందుస్తానీ పేర్లు వీలైనంతవరకు నమోదు చేయడం ఆ గ్రంథంలో మరో విశేషం.

డే పనిచేసిన పద్ధతి తరువాతి అధికారులందరికీ నమూనా అయింది. తాను స్వయంగా చూడలేని తాలూకాల్లోని తహశీల్దార్లకు ప్రశ్నావళి పంపి, ఊళ్లో చేపలు పట్టేవారెందరు, అంగడికి చాలినంత చేప వస్తున్నదా, పూర్వంకంటే తగ్గిందా, వల కన్ను ఎంత సన్నంగా ఉంటున్నది, వరి మళ్లలో మావులనే ఉచ్చులు పెట్టి పిల్లలను పడుతున్నారా అని అడిగి, ఆ జవాబులను జిల్లాల వారీగా తన నివేదికలో చేర్చాడు. వల కన్ను అంటే ముడికీ ముడికీ మధ్య ఉండే ఖాళీ. అది ఎంత చిన్నదైతే అంత పసిపిల్ల వలలో మిగులుతుంది. డే సూచించిన నివారణలు చాలావరకు ఈ ప్రశ్నల్లోనే ఇమిడి ఉన్నాయి: వల కన్నుకు ఒక కనీస పరిమాణం, చేపపిల్లల అమ్మకంపై నిషేధం, మావులవంటి స్థిరమైన ఉచ్చులపై అదుపు, ఆనకట్టల్లో చేప ఎక్కిపోవడానికి దారి.

ఆ నివేదికను ప్రభుత్వం వెంటనే అమలు చేయలేదు. అధికారుల్లో చాలామంది చేపలు నిజంగా తగ్గాయా అని శంకించారు. వల కన్నును కొలిచే అధికారం కింది ఉద్యోగులకు ఇస్తే అది పేదజాలరులను పీడించే సాధనమవుతుందన్న భయం మరికొందరిది. ఆ భయం ఉట్టిది కాదు. తాలూకా స్థాయిలో అప్పటి పోలీసు, రెవెన్యూ సిబ్బంది వ్యవహారం తెలిసినవారు దానిని తోసిపుచ్చలేరు. ఇలా నివేదిక అచ్చయిన 24 ఏళ్లకు, డే 1889లో చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1897 నాటి 4వ చట్టంగా భారత మత్స్య చట్టం వచ్చింది. మందుగుండు పేల్చి చేపలు చంపడాన్ని, నీటిలో విషం కలపడాన్ని అది నేరాలుగా ప్రకటించి, రెండు నెలల జైలు గాని 200 రూపాయల జరిమానా గాని విధించవచ్చునన్నది. స్థిరమైన ఉచ్చులను, వల కన్నును, జాలరులు వేసే అడ్డుకట్టలను నియంత్రిస్తూ నియమాలు చేసుకోవడానికి, ఎంపిక చేసిన నీళ్లలో రెండేళ్లకు మించకుండా వేట నిలిపివేయడానికి స్థానిక ప్రభుత్వాలకు వీలు కల్పించింది. అయితే ఈ విచారణకంతటికీ మూలమైన విషయం, అంటే సేద్యపు ఆనకట్టలో చేపకు దారి విడవాలన్న విధి, ఆ చట్టంలో ఎక్కడా లేదు. వెదురుతడికల అడ్డు చట్టంలోకి వచ్చింది, రాతి అడ్డు రాలేదు. తరువాతి నూరేళ్లలో మత్స్యశాఖ అధికారికి ఏ అధికారం ఉంటుంది, ఏది ఉండదు అన్నది ఆ నాడే తేలిపోయింది.

మద్రాసు ప్రభుత్వానికి ప్రత్యేకంగా మత్స్యశాఖ ఏర్పడటానికి కారకుడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. సహకార పరపతి సంఘాలపై 1890 దశకంలో రాసిన నివేదికతో పేరుపొందిన ఈ ఐ.సి.ఎస్. అధికారి, పదవీ విరమణ తరువాత 1905లో మత్స్య పరిశోధన బాధ్యత చేపట్టాడు. 1907లో మద్రాసు ఫిషరీస్ బ్యూరో ఏర్పడింది. నికల్సన్‌కు చేపకంటే ముందు చేపలుపట్టే కుటుంబం కనబడేది. ఉప్పు పన్ను వల్ల ఎండుచేపలు సరిగా ఊరక పాడైపోవడం, వడ్డీవ్యాపారికి వల తాకట్టు పడటం, జాలరిపిల్లలకు బడి లేకపోవడం ఇవన్నీ ఆయన దృష్టిలో మత్స్యశాఖ సమస్యలే. ఆయన తరువాత ఆ శాఖను నడిపించిన జేమ్స్ హోర్నెల్ సముద్ర జీవశాస్త్రవేత్త. సింహళపు ముత్యపుచిప్పల పరిశోధనలో పనిచేసి 1908లో మద్రాసు శాఖలో చేరాడు. కోరమాండల్ తీరపు వలలను, తెప్పలను, తాళ్లతో కుట్టిన మసూలా పడవలను ఎంతో ఓపికగా కొలిచి, గీసి, పేర్లతో సహా రాసిపెట్టాడు. మరపడవలు, నైలాన్ వలలు వచ్చి ఆ పాత పనిముట్లు కనుమరుగైన నేటి కాలంలో, తీరంలోని వేట సాధనాల చరిత్ర రాయదలచినవారికి ఆ శాఖ ప్రచురించిన బులెటిన్లు తప్ప వేరే గట్టి ఆధారం లేదు.

నదీజలాల్లో ఆ శాఖ చేసిన పనికి తెలుగునేలలో తొలి కేంద్రం కర్నూలు దగ్గరి సుంకేశుల. కర్నూలు కడప కాలువకోసం తుంగభద్రపై కట్టిన ఆనకట్ట దిగువన చేపలు గుంపులు కట్టడం గమనించి, 1910 దశకపు తొలినాళ్లలో అక్కడ ప్రభుత్వ చేపల క్షేత్రం ఏర్పాటు చేశారు. బొచ్చె, రాగండి వంటి పెద్ద జాతుల పిల్లలను పట్టి, కుంటల్లో కొన్నాళ్లు పెంచి, చెరువులకు పంపడం దాని పని. గోదావరి, కృష్ణలకు దక్షిణంగా సహజంగా కనిపించని బొచ్చెను కావేరికి తరలించి నాటింది కూడా ఈ శాఖే. ఆ తరువాత అది మెట్టూరు జలాశయంలో స్థిరపడి అక్కడి ముఖ్యమైన చేపల్లో ఒకటైంది. దోమపిల్లలను తినే చిన్నచేపలను బావుల్లో వదలి మలేరియాను అదుపుచేయాలన్న ప్రయత్నమూ ఆ రోజుల్లోనే మొదలైంది.

పులస విషయంలో శాఖ రెండు మార్గాలు పట్టింది. మొదటిది చేపల మెట్లు, అంటే ఆనకట్ట పక్కగా చిన్నచిన్న తొట్లను ఒకదానికంటే ఒకటి ఎత్తుగా కట్టి, వాటిగుండా నీరు జారేలా చేసి, చేప ఒక్కొక్క తొట్టిలోకి ఎగిరి పైకి చేరుకునేలా చేసే ఏర్పాటు. ఇది యూరపులో సాల్మన్ చేపకోసం పుట్టింది. సాల్మన్ నీటిమట్టాన్ని దాటి గాలిలోకి ఎగరగలదు. పులసకు ఆ అలవాటు లేదు, అది లోతైన వేగప్రవాహంలో ఈదే చేప. ఒక దేశపు చేప శరీరాన్ని కొలిచి కట్టిన మెట్లు మరో దేశపు చేపకు పనికిరాకపోవడంలో ఆశ్చర్యం లేదు గాని, దాన్ని గుర్తించడానికి దశాబ్దాలు పట్టడం విచారించదగినది. రెండో మార్గం కృత్రిమ ఫలదీకరణ: పక్వానికి వచ్చిన ఆడచేప పొట్టను మెల్లగా నొక్కి గుడ్లను గిన్నెలోకి తీసి, వాటిపై మగచేప శుక్రద్రవాన్ని కలిపి, పొదిగిన పిల్లలను నదిలో వదలడం. కావేరి పాయ అయిన కొల్లడం నదిపై దిగువ ఆనకట్ట దగ్గర ఈ ప్రయత్నాలు 20వ శతాబ్దపు తొలి దశకాల్లో జరిగాయి. తరువాత మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరైన బి. సుందరరాజ్, పులస అలవాట్లపై, పొదిగింపుపై 1917లో ప్రచురించిన వ్యాసం ఆ అనుభవం ఫలితమే. పిల్లలు పొదిగాయి, కాని నది పిల్లలతో నిండలేదు. 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తయి వరదనీరు జలాశయంలో నిలిచిపోయాక, కావేరిలో పులస వేట క్రమంగా పేరుకు మాత్రమే మిగిలింది.

ఆ అనుభవం గోదావరికి హెచ్చరిక కావలసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కేంద్ర ప్రభుత్వం సముద్ర చేపల కోసం ఒకటి, లోతట్టు నీళ్ల చేపల కోసం బెంగాల్‌లో ఒకటి పరిశోధనా కేంద్రాలను నెలకొల్పింది. అదే కాలంలో మద్రాసు శాఖకు చెందిన పి.ఐ. చాకో, ఎస్.వి. గణపతి గోదావరి పులస జీవన విధానంపై చేసిన పరిశీలన 1949లో వెలువడింది. ఇలాంటి పరిశీలన ఎలా సాగుతుందో చెప్పడం అవసరం, ఎందుకంటే మత్స్యజీవశాస్త్రవేత్త పనిలో అధికభాగం ఇదే. రేవులో ఒడ్డుకు వచ్చిన చేపలలో కొన్నిటిని తీసుకుని పొడవు, బరువు రాసుకుంటాడు. పొట్ట కోసి గుడ్ల సంచి ఏ దశలో ఉందో చూస్తాడు. ఒక పొలుసు తీసి భూతద్దం కింద పెడతాడు. చెట్టు మానులో ఏటికో వలయం పడినట్టే చేప పొలుసు మీద కూడా పెరుగుదల మందగించినప్పుడు గీత పడుతుంది కాబట్టి, ఆ గీతలనుబట్టి వయసును అంచనా కడతాడు. పులస విషయంలో ఆ గీతలు వయసునే చెబుతాయా, ఏటిలోకి వలస వచ్చినప్పటి శ్రమను చెబుతాయా అన్నది చాలాకాలం చర్చకు నిలిచింది. వలలో పడిన చేపలన్నీ ఒకే వయసువి అయితే ఒకరకం హెచ్చరిక, చిన్నవే ఎక్కువైతే మరొకరకం హెచ్చరిక. 1963, 1967 మధ్య గోదావరి పులస సమూహాల లక్షణాలు ఏడాదికేడాదికి ఎలా మారాయో టి. రాజ్యలక్ష్మి ఇదే పద్ధతిలో పరిశీలించి 1973లో ప్రచురించింది. వేట రోజుల్లో పడవల మధ్య, బురదలో, తెల్లవారుజామున సాగే ఈ కొలతలకు పేరు ప్రఖ్యాతులు లేవు. అయినా గోదావరి పులస తగ్గిందా లేదా అన్న ప్రశ్నకు జ్ఞాపకాలతో కాక అంకెలతో జవాబు చెప్పగలిగేది ఆ దస్త్రాలు మాత్రమే.

గోదావరి ఎగువన నిజాం రాజ్యంలోనూ ఈ పని జరిగింది. 1940 దశకంలో ఎం. రహీముల్లా, ఆయన సహచరులు హైదరాబాదు సంస్థానంలోని చేపలను జిల్లాల వారీగా సర్వే చేసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా ప్రచురించారు. గోదావరి ఎగువభాగంలో పెద్ద ప్రాజెక్టులు వరుసకట్టక ముందు ఏయే చేపలు ఉండేవో చెప్పే ఆ జాబితాలు, నేడు ఏవి లేకుండా పోయాయో తేల్చడానికి కొలబద్దలు. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించి, అదే ఏడాది చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలుపెట్టింది. ఆ పథకంలో వదిలేది ప్రధానంగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి సాగుచేపలను. గూడు కట్టుకుని పిల్లలను కాచుకునే కొర్రమీనుకు కావలసింది చెరువు అంచున తుంగ, నాచు, కదలని నీరు. పిల్లలను వదలడం, చేప బతికే చోటును కాపాడటం రెండూ ఒకటి కావన్న తేడా ఇక్కడ తేలికగా కనిపిస్తుంది.

ఆ తేడాను చెరిపేసిన ఘట్టం 1957లో వచ్చింది. ఆ ఏడాది జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి, చేప మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, నిలవనీటిలో గుడ్లుపెట్టని పెద్దచేపల చేత కుంటలో గుడ్లు పెట్టించారు. ఆ రోజును నేటికీ జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నారు. అంతకుముందు చేపపిల్ల కావాలంటే వరదల కాలంలో నదిని ఆశ్రయించవలసిందే, లేదా కలకత్తానుంచి రైలులో తెప్పించుకోవలసిందే. ఆ తరువాత హేచరీలు పుట్టాయి. కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో వరిచేలు చెరువులయ్యాయి. ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందు నిలిచి బెంగాల్‌కు, అస్సాంకు లారీల కొద్దీ చేపను పంపగలిగింది. లక్షల కుటుంబాలకు తిండి పెట్టిన ఈ విజయంలో సర్కారు మత్స్యశాస్త్రవేత్తల వాటా పెద్దది, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. అయితే చేపపిల్లకోసం నదిని కాపాడవలసిన అవసరం ప్రభుత్వ దృష్టిలో ఆ రోజుతోనే సన్నగిల్లింది. కొల్లేరు సంగతి చూస్తే చాలు: చేపలచెరువులతో నిండిపోయిన ఆ సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసర్ జాబితాలో చేర్చి, 2006లో చెరువుల గట్లను తెగ్గొట్టించవలసి వచ్చింది. చెరువు తవ్వించిందీ, గట్టు తెంపించిందీ ఒకే ప్రభుత్వపు రెండు చేతులు.

శాస్త్రవేత్తల తొందరపాటును కూడా దాచకూడదు. త్వరగా పెరిగి పేదలకు చవకగా దొరుకుతుందని 1952లో సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రం సింహళం నుంచి ఆఫ్రికా జాతి తిలాపియాను తెచ్చి పెంచింది. జిలేబీ చేప పేరుతో చెరువుల్లోకి ఎక్కిన అది ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెట్టి, స్థానిక చేపల తిండిని, చోటును ఆక్రమించింది. ఒకసారి నదిలో కలిసిన జాతిని వెనక్కి తీసుకోవడానికి మార్గం లేదు. కొత్త జాతిని అనుమతించే ముందు పరీక్షించాలన్న నేటి నియమాల వెనక ఉన్నది ఈ అనుభవమే.

ఇక ధవళేశ్వరం సంగతి. కాటన్ కట్టించిన ఆనకట్ట శిథిలమైనందున దానికి బదులు గేట్లతో కొత్త బ్యారేజీ 1982 నాటికి పూర్తయి, ఆయన పేరే పెట్టుకుంది. పులస వేట నేటికీ ప్రధానంగా దానికి దిగువన, వశిష్ఠ, గౌతమీ పాయల్లో సాగుతుంది. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలైన తరువాత ఎగువ గంగలో ఇలిష అపురూపమైపోయి, కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధనా సంస్థవారు బ్యారేజీ దిగువన పట్టిన చేపలను చేతులతో మోసుకెళ్లి ఎగువన వదలవలసిన స్థితి వచ్చింది. గోదావరిపై పోలవరం స్పిల్‌వే నిర్మాణంలో మాత్రం పులస వంటి చేపలు వేర్వేరు నీటిమట్టాల్లో దాటిపోవడానికి అనువైన చేపల మెట్లను, ఆ సంస్థ నిపుణుల సలహాతో, మొదటే చేర్చారు. కాటన్ ఆ నివేదిక రాసిన ఒకటిన్నర శతాబ్దం తరువాత ఈ నదిపై ఒక పెద్ద కట్టడపు నమూనాలో చేపకు ముందుగానే చోటు దొరికింది. ఆ మెట్లగుండా ఏ చేప ఎన్ని రోజుల్లో పోతున్నదో, ఎన్ని పోతున్నాయో ఏటేటా లెక్కించి ప్రజలకు చెప్పే బాధ్యతను ప్రభుత్వం మత్స్యశాఖకు అప్పగించాలి, అందుకు కావలసిన మనుషులను, పడవలను, గేట్ల నిర్వహణలో మాట చెప్పే హక్కును కూడా ఇవ్వాలి. పోలవరం ధవళేశ్వరానికి ఎగువన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. సముద్రం నుంచి వచ్చే పులస ఆ మెట్ల దాకా చేరాలంటే ముందుగా కాటన్ పేరు పెట్టుకున్న బ్యారేజీని దాటాలి.